కార్యాధ్యక్షులకు మెట్టసీమ మాట

బెజవాడనుండి హైదరాబాదునకు పోవు 65వ జాతీయ రహదారిపై కంచికచెర్ల, నందిగామలు దాటి చిల్లకల్లు చేరునప్పటికి ప్రయాణికునకు ఎదురగునవి పత్తిబండ్లు కావు, సిమెంటు లారీలు. కృష్ణకు ఉత్తరపుటొడ్డున గల ఈ మెట్టసీమ నేలక్రింద సున్నపురాయి పఱచుకొని యున్నది. జయంతీపురమున రామ్కోవారి కర్మాగారము, ముక్త్యాలలో కె.సి.పి.వారి కర్మాగారము ఈ రాతిని నమ్ముకొని వెలసినవి. ఈ రెండు సంస్థల ప్రధాన కార్యాలయములును చెన్నపట్టణమున నున్నవి. 2022 సంవత్సరమున జిల్లాలను పునర్విభజించినపుడు నందిగామ, జగ్గయ్యపేటలు కృష్ణాజిల్లాను వీడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. నందిగామ రెవిన్యూ డివిజను కేంద్రమైనది. జిల్లా పేరు మాఱినను ఇచ్చటి పడుచువాండ్ర ప్రశ్న మాఱలేదు: "మా యూరి రాయి పనికివచ్చినది, మేమెందులకు పనికిరాకపోతిమి?"

ఈ ప్రశ్నను మేము ఏ యొక్క సంస్థపైనను నేరారోపణగా ఎత్తుట లేదు. మెట్టసీమలో గాని, దేశమున మఱియొకచోట గాని, పెద్ద సంస్థలకు కార్యాధ్యక్షులై కూర్చున్న వారందఱికిని ఇది వర్తించును. నాయకత్వమును గూర్చి వ్రాసిన ఆంగ్ల గ్రంథములు విమానాశ్రయముల దుకాణములలో కుప్పలుగా పడియున్నవి. వానిని కొనువారికి కొదువ లేదు. ఐనను మనుష్యుని ఎన్నుకొనుట ఎట్లు, ఎన్నుకొన్నవానిని పెంచుట ఎట్లు, తన తరువాత ఎవ్వరు అను మూడు సంగతులలో వారు చేయు తప్పులు, ఈ విద్య పేరైనను తెలియని కాలమున మన రాజులు చేసిన తప్పులకంటె తక్కువవి కావు.

1909లో శామశాస్త్రిగారు కౌటిలీయార్థశాస్త్రమును అచ్చొత్తించి లోకమునకు అందించిరి. అందు మొదటి అధికరణములో అమాత్యులను ఎవ్వరిని ఎన్నుకొనవలెనను చర్చ యున్నది. దానిని చదివినపుడెల్ల మాకు నేటి కంపెనీల నియామకపు గదులు కన్నుల గట్టును. భారద్వాజుడు సహాధ్యాయులనే కైకొనుమనెను. వారి శక్తియు శుచిత్వమును ముందే యెఱుగుదుము గదా యని. విశాలాక్షుడు అడ్డుపడెను: కలిసి ఆడుకొన్నవారు లోకువ చేయుదురు; తనవంటి శీలమును రహస్యములును గలవారే మేలు, మర్మ మెఱుగుటచే ద్రోహము చేయరు. పరాశరుడు నవ్వెను: వారి మర్మము నీకు తెలిసినట్లే నీ మర్మము వారికిని తెలియును, వారికి భయపడి నీవే లోబడుదువు, ప్రాణాపాయమున కాచినవారిని గైకొనుము. పిశునుడు: అది భక్తి, బుద్ధి కాదు, అప్పగించిన పనిలో చెప్పినంత గాని అంతకుమించి గాని రాబడి చూపినవారిని చూడుము. కౌణపదంతుడు: తాతతండ్రులనుండి కొలుచువారే మేలు. వాతవ్యాధి: వారు సర్వమును కబళించి తామే ప్రభువులై కూర్చుందురు, నీతి నేర్చిన క్రొత్తవారిని తెమ్ము. బాహుదంతీపుత్రుడు: శాస్త్రము మాత్రమే తెలిసి పని యెఱుగనివాడు పనిలో దిగబడును, కులము, ప్రజ్ఞ, శౌచము, శౌర్యము, అనురాగము గలవారిని నిలుపుము. చిట్టచివరకు కౌటిల్యుడు ఈ వాదములలో ప్రతిదానియందును సత్యము కలదని యొప్పుకొని, పురుషుని సామర్థ్యమును అతడు చేసిన పనిని బట్టియే కొలువవలెనని తీర్పు చెప్పెను.

ఈ ఏడుగురును నేడును మన నడుమ నున్నారు. తాను చదివిన కళాశాలనుండియే అందఱను తెచ్చుకొను అధ్యక్షుడు భారద్వాజుని శిష్యుడు. తన పాత కంపెనీనుండి పరివారమునంతను వెంటబెట్టుకొని వచ్చువాడు విశాలాక్షుని శిష్యుడు. మేనల్లుండ్రతో కార్యాలయము నింపు యజమాని కౌణపదంతుని శిష్యుడు. ఇట్టివారు మన కోస్తాజిల్లాలలో మిక్కిలి యెక్కువ. బయటివాడే మేధావి యని ఎక్కువ జీతమిచ్చి కొనితెచ్చువాడు వాతవ్యాధి శిష్యుడు. మా పత్రికాలయమే మనుటకు మాకు సిగ్గు లేదు: ఉపసంపాదకులను ఎన్నుకొనుటలో మేము సిఫారసు ఉత్తరములను చదివితిమి గాని, ఒక తంతివార్త చేతికిచ్చి తెనిగింపుమని యడుగ మఱచితిమి. దాని ఫలమును పాఠకులు అనుభవించియే యుండిరి.

అనుభవము తోడ శాస్త్రమును ఇదే చెప్పుచున్నది. 1998లో ష్మిట్, హంటర్ అను అమెరికా పండితులు ఎనుబదియైదేండ్ల నియామక పరిశోధనలను ఒక్కచో కూర్చి పరిశీలించిరి. చేయబోవు పనినే నమూనాగా చేయించి చూచుట ఉత్తమ పరీక్షలలో నొకటిగా తేలెను; దిక్కుతెన్ను లేని ముచ్చటల ఇంటర్వ్యూ అంతకంటె వెనుకబడెను. 2022లో సాకెట్ మొదలగువారు ఆ లెక్కలను మరల సరిచూచి కొన్నింటిని తగ్గించిరి. అందఱికిని ఒకే ప్రశ్నలు వేసి, ఒకే కొలతతో తూచు ఇంటర్వ్యూకు అగ్రస్థాన మిచ్చిరి. అనగా ఇంటర్వ్యూ చెడ్డది కాదు. అధ్యక్షుడు తన మనస్సునకు నచ్చినవానిని ఏఱుకొనుటకు దానిని సాకు చేసికొనుట చెడ్డది.

ఇంతకును మేము మెట్టసీమనుండి దూరము పోతిమి. జగ్గయ్యపేట ప్రక్కనున్న ధనబోడు గుట్టపై ప్రాచీనమగు బౌద్ధస్తూపము కలదు. బర్జెస్ దొర 1882లో దానిని త్రవ్వించి పరిశీలించి, 1887లో గ్రంథస్థము చేసెను. మాంధాత చక్రవర్తిపై నాణెముల వాన కురియుచున్న శిలాఫలక మిచ్చటిదే. అది నేడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో నున్నది. చూడవచ్చినవారందఱును ఆ చక్రవర్తినే చూతురు. మాకు మాత్రము అచ్చటి ఆయకస్తంభములపై చెక్కిన శాసనము ఎక్కువ యాసక్తి గొల్పును. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ యేట, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, వెలగిరి గ్రామమునందలి మహాచైత్యపు తూర్పు ద్వారమున ఐదు స్తంభములను నిలిపినవాడు రాజు కాడు, మంత్రి కాడు, సిద్ధార్థుడను ఆవేశని. ఆవేశని యనగా శిల్పి, శిల్పుల పనిశాలకు పెద్ద. అతని తండ్రి నాగచంద్రుడును ఆవేశనియే. తల్లిని, భార్యను, బిడ్డలను, సోదరుని కుటుంబమును పేరుపేరున చెప్పి ఆ దానమును చేసినాడు. రాజు పేరు కాలము తెలుపుటకు మాత్రమే వాడబడినది.

చేతిపని చేసినవాడే పనివారికి పెద్ద కాగల వ్యవస్థ, ఆ పెద్ద తన పేరును రాతిపై చెక్కించుకొనగల ధనమును గౌరవమును పొందిన వ్యవస్థ, ఈ సీమలో పదునేడు శతాబ్దములకు పూర్వమే యుండెను. నేడు అదే రాతిని పగులగొట్టు గనులలో సుత్తి పట్టినవాడు మేనేజరు కుర్చీ వఱకు ఎక్కగల మెట్లు ఎన్ని కలవు? ప్రతి కార్యాధ్యక్షుడును తన సంస్థలో ఈ మెట్లను తానే లెక్కించి చూచుకొనవలెను. ఐటీఐ చదివి ఫిట్టరుగా చేరిన కుఱ్ఱవాడు ముప్పదియేండ్ల తరువాతను ఫిట్టరుగనే రిటైరగుచున్నచో, ఆ లోపము ఆ కుఱ్ఱవానిదా?

జగ్గయ్యపేటకు ఆ పేరు తెచ్చినవాడు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు. బేతవోలు గ్రామముకడ పేటను కట్టించి, వర్తకులను రావించి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టెను. అమరావతి పట్టణమును నిర్మించినవాడును అతడే. ఎవ్వరిని ఎచ్చట నిలుపవలెనో ఆతనికి తెలిసినట్లు ఆ కాలపువారికి తక్కువమందికి తెలిసియుండును. 1783 మొదలు 1816 వఱకు సంస్థానమును వైభవముతో ఏలెను. కాని తన తరువాత ఎవ్వరు? ఔరస సంతతి లేకపోగా జగన్నాథబాబును దత్తత చేసికొనెను. ఆ దత్తపుత్రుడు జీవించియుండగనే రామనాథబాబును మరల దత్తత చేసికొనెను. 1816లో రాజు గతించినది మొదలు తగవు. కోర్టులనెక్కి, సముద్రములు దాటి, 1846లో ఇంగ్లాండునందలి ప్రివీకౌన్సిలులో తేలెను: మొదటి దత్తపుత్రుడు బ్రదికియుండగా రెండవ దత్తత చెల్లదు. నేటికిని హిందూధర్మశాస్త్రము చదువు న్యాయవాది రంగమ్మ - అచ్చమ్మల వ్యాజ్యమను పేర దీనిని వల్లించును. న్యాయశాస్త్రమునకు ఒక సూత్రము దక్కినది. సంస్థానమునకు మాత్రము పూర్వవైభవము దక్కలేదు.

ఇద్దఱికి వారసత్వపు ఆశ చూపి, ఎవ్వనికిని స్పష్టముగా చెప్పక కన్నుమూయు కార్యాధ్యక్షులు మన వ్యాపారకుటుంబములలో నేడును కలరు. అన్నకొడుకునకు ఫ్యాక్టరీయని, తమ్మునికొడుకునకు మార్కెటింగని మాటలతో పంచి, కాగితముపై పెట్టక కాలము గడుపుదురు. ఉద్యోగులు రెండు పక్షములై, ఎవ్వరు గెలుతురో చూచి నమస్కారము చేయుటకు కాచుకొని కూర్చుందురు. పని ఎవ్వరు చేయుదురు?

దీనికి ప్రతిగా ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదును చూడుడు. కృష్ణాజలములను పెన్నకు మళ్లించు కృష్ణా-పెన్నార్ యోచన మదరాసు రాష్ట్రమున బలముగా సాగుచున్న దినములలో నందికొండకడ ఆనకట్ట కట్టిన మెట్టపొలములు పండునని పట్టుబట్టినవాడతడు. జమీందారుకు ఇంజనీరింగు రాదు. రానిదానిని వచ్చినట్లు నటింపలేదు. తెలిసినవారిని పట్టుకొని, వారి లెక్కలను చేతబట్టుకొని, రైతులను కూడగట్టి ప్రభుత్వముల తలుపులు తట్టెను. 1952లో ఖోస్లా సంఘము నందికొండ స్థలమునే సమర్థించెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. ఎడమ కాలువయగు లాల్‌బహదూరు కాలువ నందిగామ, జగ్గయ్యపేట పొలములకు వచ్చినది. తనకు తెలియనిదేదో తెలిసియుండుట, ఆ తెలిసినవానిని వెదకి అతని మాట వినుట: ఇంతకు మించిన నాయకత్వపు విద్య మాకు తెలియదు.

ఆ యానకట్టను కాంక్రీటుతో యంత్రములచే కట్టవచ్చును. రాతికట్టడముగా మనుష్యులచే కట్టించుటకు నిశ్చయించిరి. యంత్రములకు విదేశద్రవ్యము కావలెను. దేశమున అది కొఱత. రాయియు, రాయి చెక్కు చేతులును సమృద్ధి. కృష్ణాజిల్లావాడే యగు కానూరి లక్ష్మణరావుగారు, అనంతరకాలమున విజయవాడనుండి లోకసభకెన్నికై కేంద్రమంత్రియైనవారు, ఈ పద్ధతిని సమర్థించిన ఇంజనీర్లలో ముఖ్యులు. లోకమునందలి మిక్కిలి పెద్ద రాతి ఆనకట్టలలో ఒకటి అట్లు లేచినది. యంత్రము వలదని మేము వాదించుట లేదు. నేటి సిమెంటు కర్మాగారమును గంపలతో నడుపుడని చెప్పుటకు మాకు మతి చెడలేదు. "ఇచ్చట ఏమి యున్నది, ఎవ్వరున్నారు?" అని మొదట అడిగి, ఆ తరువాత పనియొక్క రూపమును నిర్ణయించిన పద్ధతిని మాత్రమే గమనింపుడనుచున్నాము. మన అధ్యక్షులు పనిరూపమును ముంబయిలోనో చెన్నపట్టణములోనో నిర్ణయించుకొని వచ్చి, దానికి తగినవాడు చిల్లకల్లులో దొరకలేదని వాపోవుదురు.

ఇక చదువుకొన్న పెద్దల పేరుప్రతిష్ఠలు సంస్థను కాపాడునని నమ్మువారు 2009 జనవరి 7వ తేదీని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు లెక్కలలో వేలకోట్ల రూపాయలు లేనివి యున్నట్లు చూపితినని ఆ దినమున లేఖ వ్రాసెను. ఆయన డైరెక్టర్ల సభలో ప్రపంచప్రసిద్ధులగు ఆచార్యు లుండిరి. వారినెవ్వరిని దొంగలనుటకు వీలులేదు. కాని ప్రశ్న వేయవలసినవారు ప్రశ్న వేయలేదు. అధ్యక్షుడు తనను ప్రశ్నింపనివారినే చుట్టును చేర్చుకొనుట మొదటి తప్పు. లెక్కల తప్పు ఆ తరువాత వచ్చినది. 2015 ఏప్రిలులో హైదరాబాదు న్యాయస్థానము శిక్ష విధించెను. ఇంకొకవైపు, తెలుగువాడైన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్టులో ఇంజనీరుగా చేరి, ఆ సంస్థలోనే మెట్లెక్కి, 2014లో ప్రధాన కార్యనిర్వహణాధికారి యయ్యెను. బయట వెదకి వెదకి తుదకు లోపలివానిని తీసికొన్నారు. దీనికి మనవారు చప్పట్లు చఱచి, అదే సాయంకాలము తమ సంస్థలోని ఇరువదియేండ్ల ఉద్యోగిని ప్రక్కకు నెట్టి బయటివానికి కుర్చీ వేయుదురు.

మెట్టసీమకు మరల వత్తము. ఇచ్చటి కుఱ్ఱవానికిని పెద్ద కర్మాగారమునకును నడుమ తఱుచుగా కంట్రాక్టరొకడు నిలుచును. ఆ కంట్రాక్టరు క్రింద ఉపకంట్రాక్టరు. కూలి ఎవ్వడిచ్చునో, గాయపడిన ఎవ్వనిని అడుగవలెనో పనివానికే తెలియదు. 1970 నాటి కంట్రాక్టు కార్మికచట్టమును 2003లో మన రాష్ట్రము సవరించి, సంస్థయొక్క ముఖ్యకార్యములందు కంట్రాక్టు కూలిని నిషేధించినది. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతియు మినహాయింపులతో అదే సూత్రమును గ్రహించినది. మినహాయింపు ద్వారములు వెడల్పుగా నున్నవి గనుక చట్టము మాత్రమే చాలదు. అధ్యక్షుని మనస్సు కావలెను. పొరుగూరినుండి కంట్రాక్టరు లారీలో దింపిన మనిషి పేరు అధ్యక్షునికి తెలియదు. పేరు తెలియనివానిని పెంచుట యెట్లు?

2019 జూలైలో మన శాసనసభ పరిశ్రమలలో నూటికి 75 ఉద్యోగములు స్థానికులకే యను చట్టమును చేసినది. ఆ సంకల్పమునకు కారణమైన దుఃఖమును మేమెఱుగుదుము. ఐనను ఆ మార్గము మాకు సమ్మతము కాదు. హర్యానా రాష్ట్రము చేసిన ఇట్టి చట్టమును 2023 నవంబరులో పంజాబు-హర్యానా హైకోర్టు కొట్టివేసినది. తెలుగువాడు బెంగుళూరులోను చెన్నపట్టణములోను అమెరికాలోను ఉద్యోగము కోరుచు, తన యింట ఇతరుడు రాగూడదని శాసించుట న్యాయమునకును నిలువదు, వివేకమునకును నిలువదు. కాని పరిశ్రమాధిపతులు ఈ చట్టమును ఎదిర్చుచు చెప్పిన సమాధానము కూడ మాకు సమ్మతము కాదు. స్థానికులకు నైపుణ్యము లేదట! నైపుణ్యము వానకు మొలచునా? అప్రెంటిసు శాసనము 1961నుండి కలదు. 2019 నాటి నిబంధనల ప్రకారము ముప్పదిమందికి మించిన సంస్థలు తమ బలమున నూటికి 2.5 మొదలు 15 వఱకు అప్రెంటిసులను తీసికొనవలెను. తక్కువ మేరను తాకి ఊరకుండువారు నైపుణ్యము లేదని విలపించుటకు అర్హులు కారు.

ఈ సంగతిని మన పెద్దలు బహుకాలము క్రిందనే గ్రహించిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్ల తోడ్పాటుతో బందరున ఆంధ్రజాతీయకళాశాలను నెలకొల్పినపుడు, అక్షరవిద్యతోపాటు మగ్గమును, వడ్రంగమును, యంత్రవిద్యను నేర్పిరి. ధనము చాలలేదు; ప్రభుత్వాదరణ లేదు. హనుమంతరావుగారు తమ జీవితమునే ధారవోసి 1922లో దివంగతులైరి. చందాలతో నడచిన ఆ బీద విద్యాలయము చేయగోరినదానిని, కోట్ల లాభములుగల నేటి సంస్థ చేయలేననుట వినుటకు బాగులేదు. కంపెనీల చట్టము 2013 ప్రకారము పెద్ద సంస్థలు మూడేండ్ల సగటు లాభమున నూటికి రెండు పాళ్లు సంఘసేవకు వెచ్చింపవలెను. బస్సు షెల్టర్లపై పేరు వ్రాయించుటకంటె నందిగామ, జగ్గయ్యపేటలలో పనివిద్యలు నేర్చు పిల్లలకు లేతులను, వెల్డింగు పరికరములను, వానితోపాటు నేర్పగల మేస్త్రిని ఇచ్చుట ఎక్కువ పుణ్యము. తమకే ఎక్కువ లాభము.

నందిగామ అయ్యదేవర కాళేశ్వరరావుగారి జన్మస్థలము. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి స్పీకరైన ఆ మహనీయుని సభలో ప్రశ్నలకు సమయము కేటాయింపబడియుండెను. మంత్రి లేచి జవాబు చెప్పక తప్పదు. సంస్థల కార్యాధ్యక్షునకు అట్టి ప్రశ్నాసమయము లేదు. వాటాదారుల సాంవత్సరిక సభ కలదు గాని, జయంతీపురపు పనివాడు వాటాదారు కాడు. లిస్టయిన సంస్థ తన డైరెక్టరు జీతము, ఉద్యోగుల నడిమి జీతమునకు ఎన్నిరెట్లో ప్రకటింపవలెనని కంపెనీల చట్టమే చెప్పుచున్నది. ఆ సంఖ్య సాంవత్సరిక నివేదికలో, చిన్నయక్షరములలో, ఏ పుటలోనో యుండును.

మేము కోరునది స్వల్పము. ఈ సీమలో కర్మాగారము గల ప్రతి సంస్థయు తన ద్వారముకడ, భద్రతాసూచనల పలక ప్రక్కనే, తెలుగులో ఇంకొక పలక కట్టవలెను. సంస్థలో స్వయముగా నియమించిన వారెందఱు, కంట్రాక్టరు ద్వారా వచ్చినవారెందఱు. అప్రెంటిసులెందఱు, వారిలో ఈ యేడు ఉద్యోగులైన వారెందఱు. పనివానిగా చేరి సూపర్వైజరు, మేనేజరు పదవులకెక్కిన వారెందఱు. ఈ రెండు తాలూకాల గ్రామములవారెందఱు. ఏటికొకమాఱు కార్యాధ్యక్షుడు చెన్నపట్టణమునుండియో ముంబయినుండియో బయలుదేఱి వచ్చి, ఆ పలక క్రింద ఒక పూట కుర్చీ వేసికొని కూర్చుండవలెను. అడుగువారు గేటు బయట ఎప్పుడును ఉన్నారు.